గేమ్ బాయ్ శబ్ద చిప్ కోసం సంగీతం కూర్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో వారాంతాల్లో కూడి గేమ్ బాయ్ కోసం పాటలు కూర్చే మా చిన్న బృందంలోకి కొత్తగా వచ్చేవారు దాదాపు ఒకే సందేహాలతో వస్తున్నారు. వారిలో సంగీతం తెలిసి కంప్యూటర్ అలవాటు లేనివారు కొందరు, కోడింగ్ తెలిసి స్వరం తెలియనివారు కొందరు. ఇద్దరికీ పనికివచ్చేలా ప్రశ్నలను పని జరిగే దశల వారీగా పేర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తవుతుంది కాబట్టి, మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. లెక్కలన్నీ 1989లో నింటెండో విడుదల చేసిన, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ పరికరమైన మొదటి గేమ్ బాయ్‌కు సంబంధించినవి.

## మొదలుపెట్టే ముందు

నా దగ్గర గేమ్ బాయ్ లేదు. ముందు అది కొనాల్సిందేనా?

అక్కర్లేదు. నిజానికి మొదట్లో కొనకపోవడమే మంచిదని మా అభిప్రాయం. హ్యూజ్‌ట్రాకర్, ఫర్నేస్ అనే ఉచిత ప్రోగ్రాములు మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి, చిప్ పరిమితులను కూడా అవే పాటింపజేస్తాయి. పూర్తయిన పాటను సేమ్‌బాయ్ వంటి నమ్మకమైన ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ మీద గేమ్ బాయ్‌లా నడిచే ప్రోగ్రాములో) వింటే, అసలు పరికరంపై ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది. పాతబడిన పరికరానికి డబ్బు పెట్టి, దాని స్క్రీన్ బాగు చేయించుకునే పనిలో పడి, ఒక్క పాట కూడా రాయకుండా ఆగిపోయినవారు ఉన్నారు. రెండు మూడు పాటలు పూర్తయ్యాక కూడా ఆసక్తి నిలిస్తే అప్పుడు కొనండి.

చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న కేసెట్ వీడియో గేమ్ శబ్దమూ ఇదీ ఒకటేనా?

దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. 1990లలో మన ఊళ్లలో దొరికిన ఆ పెట్టెల్లో చాలావరకు 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్ అనే గేమ్ యంత్రానికి నకళ్లు. ఫామికామ్‌లో ఐదు శబ్ద ఛానళ్లు, అంటే విడివిడి గొంతులు, ఉంటాయి: రెండు పల్స్ (చదరపు ఆకారపు తరంగం), ఒక త్రికోణ తరంగం, ఒక నాయిస్ (స్వరం లేని గరగర), రికార్డు చేసిన చిన్న శబ్దాలను పలికించే మరొకటి. గేమ్ బాయ్‌లో నాలుగే ఉంటాయి, కానీ త్రికోణ తరంగానికి బదులు మీకు నచ్చిన ఆకారంలో గీసుకోగల తరంగం ఉంటుంది. హెడ్‌ఫోన్‌లలో ఎడమ, కుడి వేరువేరుగా వినిపించే స్టీరియో సౌకర్యం కూడా దీని సొత్తు. ఇక తిరునాళ్లలో అమ్మిన బ్రిక్ గేముల్లో వినిపించినది బజర్ కూత మాత్రమే.

నాకు కర్ణాటక సంగీతం కొద్దిగా వచ్చు, కీబోర్డు రాదు. రాయగలనా?

రాయగలరు. ట్రాకర్‌లో, అంటే స్వరాలను పైనుంచి కిందికి వరుసల్లో నింపి పాట రాసే ప్రోగ్రాములో, స్వరాలకు పాశ్చాత్య పేర్లు ఉంటాయి కాబట్టి, ముందుగా మీ షడ్జమాన్ని ఎక్కడ నిలపాలో నిర్ణయించుకోవాలి. సి స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే చతుశ్రుతి రిషభం డి, అంతర గాంధారం ఈ, శుద్ధ మధ్యమం ఎఫ్, పంచమం జి, చతుశ్రుతి ధైవతం ఏ, కాకలి నిషాదం బి అవుతాయి. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం వాటి మధ్య ఉండే షార్ప్ స్వరాల్లో దొరుకుతాయి. ఈ పన్నెండు స్థానాల పట్టికను కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుంటే, కొద్ది రోజుల్లో దాని అవసరమే ఉండదు.

ఇన్ని ప్రోగ్రాములు ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

ఆట కోసం రాయాలనుకుంటే హ్యూజ్‌ట్రాకర్ తీసుకోండి. దానిలో రాసిన ఫైలు, గేమ్ బాయ్ ఆటలు తయారుచేసే జీబీ స్టూడియో ప్రోగ్రాములోకి నేరుగా వెళ్తుంది. పరికరాన్ని చేతిలో పట్టుకుని వేదిక మీద వాయించాలనుకుంటే లిటిల్ సౌండ్ డీజే గాని నానోలూప్ గాని సరిపోతుంది, ఎందుకంటే ఈ రెండూ గేమ్ బాయ్ లోపలే నడుస్తాయి. గేమ్ బాయ్‌తో పాటు వేరే పాత చిప్‌లకూ రాయాలనే కోరిక ఉంటే ఫర్నేస్ మంచిది. అయితే దానిలో మీటలు ఎక్కువ కావడంతో కొత్తవారు తికమక పడతారు. ఏది తీసుకున్నా ఒక పాట పూర్తయ్యేవరకు మరొకదానికి మారవద్దు.

## చిప్‌ను అర్థం చేసుకునేటప్పుడు

నాలుగు ఛానళ్లు అంటే నాలుగు వాద్యాలేనా? అంత తక్కువతో పాట ఎలా నిండుగా ఉంటుంది?

ఒక్కో ఛానల్ ఒక సమయంలో ఒకే స్వరం పలుకుతుంది, కానీ ప్రతి స్వరానికీ వాద్యం మార్చుకోవచ్చు. మొదటి రెండూ పల్స్ ఛానళ్లు, వాటిలో మొదటిదానికి స్వరాన్ని దానంతట అదే పైకో కిందికో జార్చే స్వీప్ సౌకర్యం అదనంగా ఉంది. మూడోది మీరు గీసుకునే వేవ్ ఛానల్, నాలుగోది నాయిస్. సాధారణంగా రెండో పల్స్‌కు పాట, మొదటి పల్స్‌కు తోడు గొంతు, వేవ్‌కు మంద్రం, నాయిస్‌కు తాళవాద్యం అప్పగిస్తారు. నిండుదనం గొంతుల సంఖ్యలో లేదు. ప్రధాన స్వరం ఊపిరి తీసుకున్న ఖాళీలో తోడు గొంతు చిన్న సంగతి వేస్తే, వినేవారు నాలుగు గొంతులను ఆరుగా వింటారు. పెద్ద వాద్యబృందానికి రాసిన పాటను తెచ్చి కుదించడం కంటే, మొదటి నుంచీ నాలుగు గొంతులకే ఆలోచించిన పాట ఎప్పుడూ బాగుంటుంది. ఈ పేజీలో ఒక్క మాటే చదివే తీరిక మీకుంటే ఈ మాటే చదవమంటాము.

డ్యూటీ సైకిల్ అంటే ఏమిటి? దేనికి ఏది పెట్టాలి?

పల్స్ తరంగం పైస్థాయిలో ఎంతసేపు, కిందిస్థాయిలో ఎంతసేపు ఉంటుందో చెప్పే నిష్పత్తి అది. గేమ్ బాయ్‌లో 12.5, 25, 50, 75 శాతాలు దొరుకుతాయి. వీటిలో 25, 75 శాతాలు ఒకే ఆకారం తలకిందులైనవి కాబట్టి, విడిగా వింటే చెవికి తేడా తెలియదు. 50 శాతంలో సరి హార్మోనిక్‌లు (మూల స్వరానికి రెండు, నాలుగు వంటి సరి రెట్ల పౌనఃపున్యంతో కలిసి మోగే పై ధ్వనులు) ఉండవు, అందుకే అది గుల్లగా, క్లారినెట్‌ను తలపించేలా పలుకుతుంది. 12.5 శాతం సన్నగా, కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. సన్నాయి ధోరణి కావాలంటే మేము అక్కడి నుంచి మొదలుపెడతాము. వీణ మీటు కోసం 25 శాతం తీసుకుని, శబ్దం క్రమంగా తగ్గే ఎన్వలప్ జోడిస్తే బాగుంటుంది. ఎన్వలప్‌లో శబ్దస్థాయి 15 నుంచి సున్నాకు దిగడానికి అతి వేగంగా అయితే సుమారు 0.23 సెకను, అతి నెమ్మదిగా అయితే సుమారు 1.64 సెకన్లు పడుతుంది. వీణ తీగ మోత అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి విలంబంలో మీటును మధ్యలో మళ్లీ వేయవలసి ఉంటుంది.

వేవ్ ఛానల్‌లో ఏ బొమ్మ గీసినా అదే వాద్యం వస్తుందా?

ఒక ఆవృత్తానికి 32 మెట్లు, ఒక్కో మెట్టుకు 0 నుంచి 15 వరకు ఎత్తు. ఇంతే చోటు. ఇంత తక్కువ స్పష్టతలో నిజమైన వాద్యాన్ని అనుకరించడం కుదరదు, కానీ స్వభావాన్ని పట్టుకోవచ్చు. త్రికోణం మెత్తని మంద్రాన్నిస్తుంది. రంపపు పళ్ల ఆకారం గరుకుగా, చిన్న స్పీకర్లలో కూడా వినబడేలా ఉంటుంది. ఈ ఛానల్‌కు ఎన్వలప్ లేదు. పూర్తి, సగం, పావు, నిశ్శబ్దం అనే నాలుగు స్థాయిలే ఉన్నాయి. కాబట్టి స్వరం మెల్లగా అణగాలంటే అదే బొమ్మను క్రమంగా ఎత్తు తగ్గిస్తూ మూడు నాలుగు సార్లు గీసి పెట్టుకుని ఒకదాని తరువాత ఒకటి మార్చాలి. అయితే మొదటి తరం గేమ్ బాయ్‌లో స్వరం మోగుతుండగా బొమ్మ మారిస్తే టక్కుమనే శబ్దం రావచ్చు కాబట్టి, మార్పును కొత్త స్వరం మొదట్లో పెట్టడం క్షేమం.

మంద్రస్థాయి స్వరాలు ఒక హద్దు దాటి కిందికి ఎందుకు పోవడం లేదు?

పల్స్ ఛానల్ స్వరాన్ని ఒక సూత్రం నిర్ణయిస్తుంది: 131072ను, 2048 నుంచి మీరిచ్చిన అంకె తీసివేయగా మిగిలినదానితో భాగిస్తే హెర్ట్జ్‌లు వస్తాయి. అంకె సున్నా అయినప్పుడు వచ్చేది 64 హెర్ట్జ్, అంతకంటే కిందికి మార్గం లేదు. వేవ్ ఛానల్‌కు పైన 131072 బదులు 65536 ఉంటుంది కాబట్టి అది ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి, అంటే 32 హెర్ట్జ్ వరకు దిగుతుంది. అందుకే మంద్రాన్ని వేవ్‌కు ఇవ్వడం ఆచారమైంది.

ఇదే సూత్రం వల్ల మరో చిక్కు వస్తుంది. 440 హెర్ట్జ్ స్వరానికి చిప్ ఇవ్వగలిగినది 439.84, అంత చిన్న తేడా ఎవరికీ తెలియదు. కానీ 4186 హెర్ట్జ్ స్వరానికి దగ్గరగా దొరికేది 4228. అది శ్రుతి తప్పినట్టు స్పష్టంగా వినబడుతుంది. బాగా ఎత్తు స్వరాల్లో మీ చెవికి ఏదో తేడా తోస్తే మీ చెవినే నమ్మండి.

శబ్దస్థాయి మార్చినప్పుడల్లా టిక్కుమని వినబడుతోంది. తప్పు నాదేనా?

చిప్ నిర్మాణమే అంత. పల్స్, నాయిస్ ఛానళ్లలో కొత్త శబ్దస్థాయి అమలు కావాలంటే స్వరాన్ని మళ్లీ మొదలుపెట్టవలసి ఉంటుంది, ఆ పునఃప్రారంభమే టిక్కుమంటుంది. వరుసగా స్థాయి మార్చే ఎఫెక్టులు తగ్గించి, ఎన్వలప్ చేతనే ఆ పని చేయించండి.

## ట్రాకర్‌లో రాసేటప్పుడు

అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలు ఎందుకు వస్తున్నాయి?

ట్రాకర్‌లు పదహారు అంకెల లెక్క వాడతాయి. 0 నుంచి 9 వరకు మామూలే, 10కి ఏ, 11కి బి అంటూ 15కి ఎఫ్ వస్తుంది. ఆ లెక్కలో 10 అని కనిపిస్తే అది మన 16. శబ్దస్థాయి ఎఫ్ అంటే పూర్తి స్థాయి అని, 8 అంటే సుమారు సగమని గుర్తుంచుకుంటే రోజువారీ పని జరిగిపోతుంది.

వేగం 120 పెట్టాలనుకుంటే ఆ అంకె ఎక్కడా లేదు. ఎలా?

ఆటల్లో వాడే సంగీత డ్రైవర్లు (పాటను చిప్‌కు అందించే ప్రోగ్రాములు) సాధారణంగా తెర మారే వేగంతో, అంటే సెకనుకు దాదాపు 59.73 సార్లు మేలుకుంటాయి. ఒక్కో మేలుకొలుపును టిక్ అంటారు. మీరు నిర్ణయించేది ఒక వరుసకు ఎన్ని టిక్‌లు అనేది మాత్రమే. నాలుగు వరుసలకు ఒక దెబ్బ లెక్కన 6 టిక్‌లు పెడితే నిమిషానికి 149 దెబ్బలు, 7 పెడితే 128, 8 పెడితే 112, 10 పెడితే సుమారు 90 వస్తాయి. 120 కావాలంటే సరి వరుసలకు 7, బేసి వరుసలకు 8 చొప్పున మార్చి మార్చి పెట్టాలి, అప్పుడు 119.5 వస్తుంది. ఆ మార్పిడి వల్ల నడకలో చిన్న ఊగు వస్తుంది. జానపద బాణీలకు ఆ ఊగు అందమే గాని, నిక్కచ్చిగా నడవవలసిన కీర్తన వరుసకు పనికిరాదు. లిటిల్ సౌండ్ డీజేలో ఈ బాధ లేదు, కావలసిన వేగాన్ని నేరుగా ఇవ్వవచ్చు.

ఒక్క ఛానల్‌లో కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) ఎలా వాయించాలి?

ఆర్పెజియో ఎఫెక్ట్ మూడు స్వరాలను టిక్‌కు ఒకటి చొప్పున తిప్పుతుంది. మూడింటి చుట్టు సెకనుకు ఇరవైసార్లు పూర్తవుతుంది కాబట్టి చెవి వాటిని కలిపి వింటుంది. చిప్‌ట్యూన్ (ఇలాంటి శబ్ద చిప్‌లతో చేసే సంగీతం) అనగానే గుర్తొచ్చే ఆ గలగల శబ్దం దీనిదే. సినిమా పాటల ధోరణికి ఇది బాగా కుదురుతుంది. రాగం ప్రధానంగా సాగే రచనలో మాత్రం దీన్ని అతిగా వాడితే రాగఛాయ చెదిరిపోతుంది.

అందరి పాటల్లో ప్రతిధ్వని వినబడుతుంది, నా పాట పొడిగా ఉంది. ఏం చేయాలి?

ప్రధాన స్వరాలనే తోడు ఛానల్‌లోకి నకలు చేసి, రెండు మూడు వరుసలు ఆలస్యంగా, సగం కంటే తక్కువ శబ్దస్థాయిలో, 12.5 శాతం డ్యూటీతో వేయండి. ఛానల్ ఖాళీ లేకపోతే ప్రధాన ఛానల్‌లోనే స్వరాల మధ్య ఖాళీ వరుసల్లో ముందటి స్వరాన్ని మెల్లగా ఒకసారి వేసినా సరిపోతుంది.

మృదంగం, డప్పు, గజ్జెలు నాయిస్ ఛానల్‌లో వస్తాయా?

డప్పు బాగా వస్తుంది, మృదంగం కష్టం. నాయిస్ ఛానల్‌కు రెండు తీరులు ఉన్నాయి. మొదటిదానిలో యాదృచ్ఛిక వరుస 32767 అడుగులకు గాని మళ్లీ రాదు, అందువల్ల అది గాలి వీచినట్టు ఉంటుంది. రెండోదానిలో ప్రతి 127 అడుగులకే తిరిగి వస్తుంది కాబట్టి లోహపు మోత పుడుతుంది. మొదటి తీరులో ఎన్వలప్‌ను వేగంగా దించితే డప్పు దెబ్బ, రెండో తీరులో ఎత్తు పౌనఃపున్యంతో అతి పొట్టిగా వేస్తే గజ్జెలు, చిడతలు పలుకుతాయి.

మృదంగానికి శ్రుతి ఉంటుంది, నాయిస్‌కు ఉండదు. తొప్పి వైపు పలికే తోం అనే గుమ్కీని వేవ్ ఛానల్‌లో స్వరాన్ని రెండు మూడు టిక్‌లలో కిందికి జార్చి తెప్పించవచ్చు. అదే ఛానల్‌లో మంద్రం కూడా ఉంటే, దెబ్బ తగిలిన వెంటనే మంద్ర స్వరం అందుకునేలా రాయాలి. మా ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల దరువు మీద ఒక పాట కట్టి చూడండి. గుండెకు కట్టుకుని వాయించే ఆ తప్పెట్ల పొడి దెబ్బ ఈ చిప్‌కు అచ్చంగా సరిపోతుంది. అరకు ధింసా నడక కూడా అంతే. చిప్‌ట్యూన్‌కు విదేశీ డ్రమ్ కిట్ నడకే ఉండాలన్న నియమం ఏమీ లేదు.

## రాగం, గమకం, తాళం

గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం) లేకుండా రాగం ఎలా? చిప్ స్వరం కర్రలా నిలబడుతోంది.

గమకాలు వేయవచ్చు, కానీ ఏ స్థాయిలో వేస్తున్నారన్నది చాలా ముఖ్యం. చిప్ స్వరాన్ని మెట్లు మెట్లుగా మారుస్తుంది, ఆ మెట్ల సంఖ్య స్థాయిని బట్టి మారుతుంది. షడ్జమం 130.8 హెర్ట్జ్ దగ్గర ఉంటే దానికీ పక్క స్వరస్థానానికీ మధ్య సుమారు 56 మెట్లు ఉంటాయి. ఒక స్థాయి పైన 28, మరో స్థాయి పైన 14, 1046 హెర్ట్జ్ దగ్గర ఏడే మిగులుతాయి. అందువల్ల కింద నున్నగా జారే స్వరం పైన గెంతుతున్నట్టు వినబడుతుంది. గమకం ఎక్కువగా ఉన్న రాగాన్ని ఒకటో శ్రుతి చుట్టుపక్కల, మధ్యస్థాయి దాటకుండా రాయడం మా అలవాటు.

జారుకు టోన్ పోర్టమెంటో, అంటే హ్యూజ్‌ట్రాకర్‌లో 3వ నంబరు ఎఫెక్ట్ వాడాలి. షడ్జమం 261.6 హెర్ట్జ్ అనుకుంటే చతుశ్రుతి రిషభం నుంచి అంతర గాంధారానికి సుమారు 49 మెట్లు. టిక్‌కు 4 మెట్ల వేగంతో జారిస్తే పన్నెండు పదమూడు టిక్‌లు, అంటే 6 టిక్‌ల నడకలో దాదాపు రెండు వరుసలు పడుతుంది. అదే జారు ఒక స్థాయి కింద రెట్టింపు సమయం తీసుకుంటుంది. ఒక స్థాయిలో చక్కగా కుదిరిన వేగాన్ని మరో స్థాయిలోకి అలాగే నకలు చేసినప్పుడు అది బిగుసుకుపోయినట్టో సాగిపోయినట్టో అనిపించడానికి కారణం ఇదే.

కంపితానికి సిద్ధంగా ఉన్న వైబ్రాటో ఎఫెక్ట్‌ను వాడితే యంత్రం వణికినట్టు ఉంటుంది. కాస్త ఓపిక చేసుకుని పైకి, కిందికి జార్చే ఎఫెక్టులను వరుస వరుసకూ చేతితో రాయండి. ఊపు మొదట నెమ్మదిగా, చివర వేగంగా ఉండేలా చూడండి. స్ఫురితానికి ఎఫెక్టే అక్కర్లేదు, కింది స్వరాన్ని ఒకటి రెండు టిక్‌లు తాకించి వెంటనే పై స్వరాన్ని నొక్కి వేస్తే చాలు.

మొదట ఏ రాగం ఎంచుకోవాలి?

మోహనం, హంసధ్వని. ఐదేసి స్వరాలు, గమకం తగ్గినా గుర్తుపట్టగలిగే రూపం. మాయామాళవగౌళ సరళీ వరుసలుగా అందరికీ తెలిసినదే కాబట్టి అభ్యాసానికి అదీ మంచిదే. తోడిని మాత్రం కొంతకాలం వదిలేయండి. దాని గాంధారం నిలకడగా నిలిచే స్వరం కాదు, ఆ ఊపు సరిగ్గా రాకపోతే తోడి అనిపించదు.

తంబుర శ్రుతి పెట్టాలంటే రెండు స్వరాలు కావాలి కదా, ఛానల్ ఒకటే ఉంది.

వేవ్ ఛానల్ బొమ్మలోనే రెండు స్వరాలనూ ఇమడ్చవచ్చు. షడ్జమ పంచమాల నిష్పత్తి 2:3. కాబట్టి 32 మెట్లలో షడ్జమానికి రెండు ఆవృత్తాలు, పంచమానికి మూడు ఆవృత్తాలు గీసి, రెంటినీ కూడితే ఒకే బొమ్మలో సా పా రెండూ మోగుతాయి. కూడినప్పుడు ఎత్తు 15 దాటకుండా ఒక్కోదాన్ని 7 లోపు ఉంచండి. ఇందులో రెండు సౌకర్యాలు కలిసివస్తాయి. వేవ్ ఛానల్ సహజంగా పల్స్ కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది, బొమ్మలో షడ్జమం రెండుసార్లు ఉంది కాబట్టి ఆ తేడా రద్దయి, పల్స్‌లో రాసిన స్వరమే ఇక్కడా రాస్తే శ్రుతి కలుస్తుంది. పైగా ఈ పంచమం కీబోర్డు పంచమంలా సర్దుబాటు చేసినది కాక అచ్చమైన 3:2 పంచమం. అయితే మంద్రం వేసే ఛానల్ శ్రుతికే పోతుంది. ఆలాపన ధోరణిలో సాగే భాగానికి శ్రుతి పెట్టి, దరువు మొదలయ్యాక దాన్ని తీసి మంద్రం వేయడం మాకు నచ్చిన పద్ధతి.

ప్యాటర్న్‌లో (ట్రాకర్‌లో ఒకసారి నింపే పాట ముక్కలో) 64 వరుసలే ఉన్నాయి. మిశ్రచాపు, ఖండచాపు ఎలా కుదురుతాయి?

ఆదితాళానికి 64 వరుసలు చక్కగా సరిపోతాయి, ఎనిమిది అక్షరాలకు ఎనిమిదేసి వరుసలు. మిగిలిన తాళాలకు ప్యాటర్న్‌ను మధ్యలో ఆపే ఎఫెక్ట్ వాడాలి. మిశ్రచాపుకు 56 వరుసలు, ఖండచాపుకు 60 గాని 40 గాని, రూపకానికి 48 వరుసల దగ్గర ఆపండి. ఆపే ఎఫెక్ట్ ఒక్క ఛానల్‌లో రాస్తే చాలు, నాలుగూ కలిసి తరువాతి ప్యాటర్న్‌కు వెళ్తాయి. తిశ్రనడకు దెబ్బకు నాలుగు బదులు ఆరు వరుసలు తీసుకుని టిక్‌లు తగ్గించుకోండి.

## ఆట కోసం రాసేటప్పుడు

ఆటలో బొమ్మ గెంతినప్పుడల్లా నా పాటలో స్వరాలు మాయమవుతున్నాయి. ఎందుకు?

ఆట శబ్దాలకు వేరే ఛానళ్లు లేవు. గెంతు, దెబ్బ, నాణెం వంటి శబ్దం వచ్చినప్పుడు ఆ కొద్దిసేపు పాట నుంచి ఒక ఛానల్‌ను లాక్కుంటాయి. స్వీప్ ఉన్న మొదటి పల్స్, నాయిస్ ఛానళ్లే సాధారణంగా ఇలా బలవుతాయి. అందుకే ప్రధాన వరుసను రెండో పల్స్‌లో ఉంచి, పోయినా ఫరవాలేని తోడు గొంతును మొదటిదానిలో పెట్టాలి. ఆట తయారుచేసేవారితో ఏ శబ్దం ఏ ఛానల్‌లో వస్తుందో పాట మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి.

పాట ముగిసి మళ్లీ మొదలయ్యే చోట అతుకు తెలిసిపోతోంది.

పాటను మొదటికి కాకుండా ఉపోద్ఘాతం తరువాతి చోటికి దూకించండి. చివరి వరుసల్లో వేగం, ప్యానింగ్ (ఎడమ, కుడి పంపిణీ), డ్యూటీ మార్చి ఉంటే, దూకిన చోట వాటిని మళ్లీ మొదటి విలువలకు తేవాలి. అతుకు తెలిసేది చాలాసార్లు ఈ మరచిపోయిన విలువ వల్లనే.

## అసలు పరికరంపై వినిపించేటప్పుడు

ల్యాప్‌టాప్‌లో గుమ్మంటున్న మంద్రం గేమ్ బాయ్‌లో వినబడటమే లేదు.

ఆ చిన్న స్పీకరు లోతైన మంద్రాన్ని పలకలేదు. త్రికోణం బదులు హార్మోనిక్‌లు ఎక్కువగా ఉన్న రంపపు ఆకారం వాడితే, మూల స్వరం వినబడకపోయినా పై హార్మోనిక్‌లను బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. స్పీకరు ఒకటే కాబట్టి అందులో స్టీరియో ఉండదు, ఎడమకు కుడికి వేరు చేసినవన్నీ కలిసిపోతాయి. హెడ్‌ఫోన్‌లలో కూడా ఒక ఛానల్‌ను పూర్తిగా ఎడమకో, పూర్తిగా కుడికో, రెండింటికో మాత్రమే పంపగలరు. ప్రధాన వరుసను ఒకవైపుకు నెట్టవద్దు.

సముద్రపు గాలికి మా పరికరాలు పాడవుతున్నాయి. విశాఖలో ఎలా కాపాడుకోవాలి?

ఉప్పు తేమ కలిసిన మన గాలిలో ముందుగా దెబ్బతినేవి బ్యాటరీ రేకులు, కార్ట్రిడ్జ్ కాంటాక్టులు. ఎంవీపీ కాలనీలో, బీచ్ రోడ్డు వెంబడి ఉండేవారికి ఇది మరీ ఎక్కువ. వాడని రోజుల్లో నాలుగు పెన్సిల్ సెల్‌లనూ బయటకు తీసి పెట్టండి. పరికరాన్ని, కార్ట్రిడ్జ్‌లను మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే కార్ట్రిడ్జ్ పెట్టండి. నోటితో ఊదడం వల్ల తేమ చేరుతుందే తప్ప దుమ్ము పోదు. కార్ట్రిడ్జ్‌లో పాటలను నిలిపే బటన్ సెల్ ఏదో ఒకనాడు చచ్చిపోతుంది, దానితో పాటలూ పోతాయి. అందుకని సేవ్ ఫైలును కంప్యూటర్‌లోకి నకలు తీసుకోవడం మానవద్దు.

ఏ మోడల్ కొనాలి?

మొదటి తరం గేమ్ బాయ్ మంద్రం నిండుగా ఉంటుందని చిప్‌ట్యూన్ వాయించేవారిలో చాలామంది దాన్నే కోరుకుంటారు. 1998లో వచ్చిన గేమ్ బాయ్ కలర్ చిన్నది, మోయడానికి వీలు. 2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్ పాత కార్ట్రిడ్జ్‌లను తీసుకుంటుంది గాని, దాని ఎస్‌పీ మోడల్‌లో మామూలు హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. గేమ్ బాయ్ మైక్రో, నింటెండో డీఎస్ పాత కార్ట్రిడ్జ్‌లను అసలే తీసుకోవు.

రికార్డు చేస్తే ఒకవైపే వస్తోంది, పైగా సర్రుమనే శబ్దం.

చాలా ల్యాప్‌టాప్‌ల మైకు రంధ్రం ఒకే ఛానల్‌ది, అందుకే స్టీరియో పోతుంది. స్టీరియో లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. సర్రుమనే శబ్దంలో కొంత గేమ్ బాయ్ లోపలి యాంప్లిఫయర్‌ది. కొందరు యాంప్లిఫయర్‌కు ముందే సిగ్నల్‌ను బయటకు తీసే ప్రోసౌండ్ అనే మార్పు చేయించుకుంటారు. సోల్డరింగ్ బాగా తెలిసిన చేతికే ఆ పని అప్పగించాలి. విడుదలకు శుభ్రమైన రికార్డింగ్ చాలనుకుంటే, ట్రాకర్ నుంచి నేరుగా ఆడియో ఫైలు తీసుకోవడం అన్నింటికంటే సులువు.

## హక్కుల గురించి

సినిమా పాటను చిప్‌ట్యూన్‌గా మార్చి అప్‌లోడ్ చేయవచ్చా?

ఇంట్లో అభ్యాసంగా చేసుకుంటే ఎవరూ అడగరు. ప్రచురించాలంటే బాణీ హక్కుదారుల అనుమతి కావాలి. మన దేశ చట్టం ప్రకారం స్వరకర్త జీవితకాలంతో పాటు ఆ తరువాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. మీరు వాడిన శబ్దాలన్నీ మీవే అయినా బాణీ మీది కాదు.

త్యాగరాజ కృతులు, అన్నమయ్య కీర్తనలు పాతవే కదా, వాటికి ఇబ్బంది లేదుగా?

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, సంప్రదాయంగా వస్తున్న ఆయన బాణీలకు హక్కుల చిక్కు లేదు. అన్నమయ్య విషయంలో జాగ్రత్త అవసరం. సాహిత్యం 15వ శతాబ్దానిదే అయినా, నేడు మనం వినే వరుసల్లో అనేకం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. ఉదాహరణకు అనేక కీర్తనలకు స్వరాలు కూర్చిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1979లో మరణించారు, 60 ఏళ్ల లెక్కన ఆయన వరుసలపై హక్కు 2039 చివరి వరకు ఉంటుంది. సాహిత్యం ఎవరిదని కాకుండా, మీరు ట్రాకర్‌లోకి ఎక్కిస్తున్న వరుస ఎవరిదని ముందు తెలుసుకోండి. తెలియకపోతే ఆ కీర్తన రాగిరేకు మీద పేర్కొన్న రాగాన్ని తీసుకుని వరుస మీరే కట్టుకోవచ్చు.